మిఠాయి వాసన, సున్నా చక్కెర: డెజర్ట్ టీల లెక్క

2 గ్రాముల టీ ఆకు, 200 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు, 3 నిమిషాలు. వడకట్టాక కప్పులో ఉండేది సుమారు 2 కేలరీలు. చక్కెర సున్నా, కొవ్వు సున్నా. అయినా కప్పు ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే క్యారమెల్ కస్టర్డో, వెనీలా కేకో, చాక్లెట్ బర్ఫీయో అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు ఉంటుంది. ఇలాంటి బ్లాక్ టీలనే బజార్లో డెజర్ట్ టీలు అంటున్నారు. మాల్స్‌లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ తెచ్చే రేకు డబ్బాల్లోనూ ఉంటున్నాయి. ఒక గుక్క తాగి 'వాసన బాగుంది, నోట్లో మాత్రం చేదు' అని డబ్బాను అలమర వెనక్కి నెట్టేసేవాళ్ళున్నారు. టీలో పంచదార మానేయగలిగింది దీనివల్లే అనేవాళ్ళూ ఉన్నారు. రెండు మాటలూ నిజమే. ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో చాలావరకు ముందే అంచనా వేయవచ్చు.

ముందు చక్కెర సంగతి

ఇళ్ళల్లో కలుపుకునే మామూలు టీనే తీసుకుందాం. 100 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో 60 కేలరీల దాకా ఉంటాయి. రెండు చెంచాల పంచదార 8 గ్రాములు, అంటే 32 కేలరీలు. కప్పుకు 90 పైచిలుకు. రోజుకు మూడు కప్పులైతే 24 గ్రాముల పంచదార, 275 కేలరీలు. ఏడాదికి ఒక మనిషి టీలో పడే పంచదారే 8 కిలోల 760 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి విడిగా కలుపుకునే చక్కెరలు 50 గ్రాములు దాటకూడదు. 25 గ్రాములకు దిగితే ఇంకా మేలు. స్వీటు ముట్టకపోయినా, కూల్‌డ్రింక్ తాగకపోయినా, ఆ 25 గ్రాములూ మూడు కప్పుల టీతోనే దాదాపు అయిపోతాయి.

దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దగ్గర ఉన్నారని ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. 'షుగర్ వచ్చింది, ఇక టీలో పంచదార మానేయండి' అన్న మాట వినపడని వీధి లేదు. మానేయమని చెప్పడం తేలిక. రోజుకు మూడుసార్లు నోటికి అలవాటైన సుఖం పోతే ఆ వెలితిని దేనితో పూడ్చుకోవాలో చెప్పేవాళ్ళు తక్కువ. హైవేల మీద బెల్లం టీ బోర్డులు పెరగడానికి కారణం ఈ వెలితే. కానీ 100 గ్రాముల పంచదారలో 400 కేలరీలుంటే అంతే బెల్లంలో 380 దాకా ఉంటాయి, అందులో సింహభాగం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్ళకు బెల్లం టీతో ఒరిగేది పెద్దగా లేదు. డెజర్ట్ టీ గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది కూడా ఈ వెలితిని చూసే.

ముక్కు చేసే పని

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. వెనీలా టీనో క్యారమెల్ టీనో పంచదార లేకుండా కాచి, కాస్త ఆరనిచ్చి, ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకోండి. నాలుకకు తెలిసేది వేడి, వగరు, కొంచెం చేదు. అంతకుమించి ఏమీ ఉండదు. మింగుతూ ముక్కు వదలండి. అప్పటిదాకా జాడ లేని వెనీలా ఒక్కసారిగా నోరంతా పరుచుకుంటుంది. అది నోట్లో ఉన్నట్టే అనిపిస్తుంది గానీ నిజానికి గొంతు వెనక దారిలో ముక్కుకు ఎక్కిన ఆవిరి అది.

ఆధునిక శాస్త్రం లెక్కలో నాలుక పట్టుకునే మూల రుచులు ఐదు. ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వాటి జన్యువుల కుటుంబాన్ని కనుగొన్నందుకే రిచర్డ్ యాక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా ముక్కుదే. ఇక్కడ ఆస్ట్రేలియా పరిశోధకులు రిచర్డ్ స్టీవెన్సన్, రాబర్ట్ బోక్స్, జాన్ ప్రెస్కాట్ 1990ల్లో చేసిన పని గురించి చెప్పుకోవాలి. లిచీ లాంటి, తాగేవాళ్ళకు పెద్దగా పరిచయం లేని వాసనల్ని పంచదార నీళ్ళలో కలిపి కొన్నిసార్లు తాగించారు. తరవాత ఉత్త వాసన ఒక్కటే చూపించినా అది ముందుకన్నా తియ్యగా ఉందన్నారు. 1999లో వాళ్ళే ఇంకో సంగతి చూపించారు. క్యారమెల్ వాసన కలిపితే పంచదార నీళ్ళు ఉన్నదానికన్నా తియ్యగా తోచాయి, సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో పులుపు తగ్గినట్టు తోచింది.

వాసనలోని తీపి పుట్టుకతో వచ్చింది కాదు, తిని తిని నేర్చుకున్నది. డెజర్ట్ టీ ఎవరికి నచ్చుతుందన్న ప్రశ్నకు నా దృష్టిలో అసలు జవాబు ఇదే. బేకరీ కేకులు, ఐస్‌క్రీములు తింటూ పెరిగిన కుర్రాడికి వెనీలా వాసన తగలగానే తీపి గుర్తుకొస్తుంది. వెనీలా ఎరగని పెద్దావిడకు అదే టీ ఇస్తే సబ్బు వాసనగానో, టానిక్కు వాసనగానో తోచవచ్చు. ఆవిడ ముక్కు నేర్చుకున్న తీపి వేరు. పరమాన్నంలో, బొబ్బట్టు పూర్ణంలో పడిన యాలకులు, చక్రపొంగలిలోనూ తిరుపతి లడ్డూలోనూ తగిలే పచ్చకర్పూరం, అరిసెల పాకం, నేతిలో వేగిన జీడిపప్పు: ఆవిడకు తీపి అంటే ఈ వాసనలు. యాలకులు, కుంకుమపువ్వు కలిసిన బ్లాక్ టీ ఆవిడకు డెజర్ట్ టీ అవుతుంది, ఫ్రెంచి క్రెమ్ బ్రూలే పేరుతో వచ్చింది కాదు. మనవడు తెచ్చిన డబ్బా బామ్మకు నచ్చకపోతే ఆమెకు కొత్తది పడదని అనుకోకూడదు. ఆ డబ్బాలో ఆమె ఎరిగిన మిఠాయి లేదు, అంతే.

బ్లాక్ టీకి తనదంటూ వాసన లేదనీ అనుకోవద్దు. ఆకు నలిగి, గాలి తగిలి నల్లబడే క్రమంలో పుట్టే వాసన పదార్థాలను 600కు పైగా గుర్తించారు. వాటిలో ఫినైల్ అసిటాల్డిహైడ్‌ది తేనె వాసన. లినలూల్, జెరానియోల్‌లవి పూల వాసనలు. మంచి ఆకు వాసనలోనే సగం మిఠాయి ఉంటుంది. పైన అద్దే ఫ్లేవర్ దానికి తోడు కావాలి గానీ దాన్ని మింగేయకూడదు.

ఒక వెనీలా కాయ ఖరీదు

డెజర్ట్ టీల్లో ఎక్కువ వాటికి వెన్నెముక వెనీలా. క్యారమెల్, కస్టర్డ్, కేక్, చీజ్‌కేక్, బర్త్‌డే కేక్, ఏ పేరు పెట్టినా అడుగున వెనీలా ఉంటుంది. అందుకే దాని దగ్గర కాసేపు ఆగుదాం.

వెనీలా మెక్సికోలో పుట్టిన ఆర్కిడ్ తీగ. పువ్వు విచ్చుకునేది ఒక్క పూట. ఆ కొన్ని గంటల్లో పరాగం అంటకపోతే రాలిపోతుంది. ఐరోపా వాళ్ళు తీగను వేరే దేశాలకు తీసుకెళ్ళి నాటినా కాయలు కాయలేదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ళ కుర్రాడు సన్నని పుల్లతో పువ్వులోని పొరను ఎత్తి, బొటనవేలితో పుప్పొడిని అద్దే పద్ధతి కనిపెట్టాడు. అప్పటికి అతను బానిస. ఆ దీవిలో బానిసత్వం రద్దయింది 1848లో. అతని పద్ధతితో తోటల యజమానులు సంపన్నులయ్యారు, అతను మాత్రం 1880లో పేదవాడిగానే చనిపోయాడు. ఇప్పటికీ మడగాస్కర్ తోటల్లో ప్రతి పువ్వునూ మనుషుల వేళ్ళే తాకుతున్నాయి. వెనీలా రుచి చూసే ప్రతి మనిషికీ ఆ కుర్రాడి పేరు తెలియాలి.

పువ్వు నుంచి కాయ ముదరడానికి 8, 9 నెలలు. కోసిన కాయను వేడినీళ్ళలో ముంచి, ఎండబెట్టి, చెమ్మగిల్లజేసి, నెలల తరబడి మగ్గబెట్టాలి. ఐదారు కిలోల పచ్చికాయ ఒక కిలో ఎండుకాయగా తేలుతుంది. మంచి ఎండుకాయ బరువులో, దాని వాసనకు ముఖ్య మూలమైన వెనీలిన్ 2 శాతం దాకా, అంటే కిలోకు 20 గ్రాములు. 2018లో ఎండుకాయ ధర కిలో 600 డాలర్ల దాకా వెళ్ళింది. ఆ ధరకు కాయలోని ఒక గ్రాము వెనీలిన్ 30 డాలర్లు పడుతుంది.

అదే వెనీలిన్‌ను 1874లో జర్మనీలో ఫెర్డినాండ్ టీమన్, విల్హెల్మ్ హార్మన్ ప్రయోగశాలలో తయారుచేశారు. పైన్ చెట్టు రసంలోని కోనిఫెరిన్ దానికి మూలం. ఇవాళ దాన్ని ఎక్కువగా పెట్రోరసాయనాల నుంచి తీస్తున్నారు, ధర కిలోకు 10 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది. వరి తవుడులో దొరికే ఫెరులిక్ యాసిడ్‌ను సూక్ష్మజీవులతో పులియబెట్టి తీసే రకమూ ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే వెనీలా రుచిలో అసలు కాయ నుంచి వచ్చేది 1 శాతం కూడా లేదు.

ఫ్యాక్టరీ వెనీలిన్ టీలో పడితే అపచారమని నేను అనను. అణువు ఒకటే, ముక్కుకు చేరే పనీ ఒకటే. కాయలో వెనీలిన్‌తో పాటు రెండు వందలకు పైగా ఇతర పదార్థాలు ఉంటాయి. అందువల్ల కాయ వాసన లోతుగా ఉంటుంది, అంతవరకే తేడా. పేరులో మడగాస్కర్ అని రాసి, పొట్లం మీద కాయ బొమ్మ వేసి, లోపల ఎసెన్స్ మాత్రమే పోస్తే మాత్రం అది మోసం. మన లేబుళ్ళ మీద ఫ్లేవర్లు మూడు తరగతులుగా కనిపిస్తాయి: సహజమైనవి, సహజ సమానమైనవి, కృత్రిమమైనవి. ఫ్యాక్టరీ వెనీలిన్ రెండో తరగతి. ప్రకృతిలో లేని ఇథైల్ వెనీలిన్, పీచుమిఠాయి వాసన వేసే ఇథైల్ మాల్టోల్ మూడో తరగతి. ఇథైల్ వెనీలిన్ వాసన ఘాటు మామూలు వెనీలిన్‌కు మూడింతల దాకా ఉంటుంది. పొట్లం విప్పగానే ఒక్క తీపి వాసనే గుప్పున కొట్టి, టీ వాసన ఎక్కడా తగలకపోతే ఇలాంటివి ఎక్కువ పడ్డాయేమోనని అనుమానించవచ్చు.

పొట్లంలో ఏముంది

ఫ్యాక్టరీలో పని సులువుగానే జరుగుతుంది. తిరిగే పీపాలో ఆకు పోసి, పైనుంచి ఫ్లేవర్‌ను తుంపరగా చల్లుతారు. 100 కిలోల ఆకుకు సాధారణంగా రెండు మూడు కిలోలు. ఆకు దాన్ని పీల్చుకునేదాకా మూసి ఉంచుతారు. తరవాత కంటికి ఇంపుగా ఉండేవి కలుపుతారు: కోకో పలుకులు, బాదం ముక్కలు, కొబ్బరి తురుము, క్యారమెల్ బిళ్ళల ముక్కలు, రంగు పూరేకులు.

డబ్బా తెరిచి ఒక చెంచా తీసి తెల్ల కాగితం మీద పరిచి చూడండి. బరువైన పలుకులన్నీ డబ్బా అడుగుకు చేరి ఉంటాయి, పైచెంచాలో ఆకే ఎక్కువ. అందుకే మొదటి కప్పూ చివరి కప్పూ ఒకేలా ఉండవు. వాడేముందు డబ్బాను తలకిందులు చేసి కుదపాలి. ఇక ఆ కోకో పలుకు నోట్లో వేసుకుంటే చాక్లెట్ రుచి బాగానే ఉంటుంది. కానీ దాని బరువులో సగానికి పైగా కొవ్వు. కొవ్వు నీళ్ళలో కరగదు. 3 నిమిషాలు నానిన పలుకు కప్పుకు ఇచ్చేది కొద్దిపాటి రంగు, కొద్దిపాటి వాసన. కప్పులో చాక్లెట్ అనిపించేది చాలావరకు ఆకు మీద చల్లిన ఫ్లేవరే. బాదం, కొబ్బరి కూడా ఇంతే. పైగా వాటి నూనె పాతబడితే కనరు వాసన వస్తుంది. టీ పైన సన్నని నూనె తెట్టు తేలి, పాత కొబ్బరి వాసన తగిలితే ఆ పొట్లం పని అయిపోయినట్టే.

క్యారమెల్ ముక్కల్లో చక్కెర, పాలపొడి ఉంటాయి. చాక్లెట్ చిప్స్‌లో సోయా లెసిథిన్ ఉండవచ్చు. బాదం, వేరుశనగ, పాలు పడనివాళ్ళు వెనకవైపు సన్న అక్షరాలు చదవకుండా తాగకూడదు. మన దేశంలో ఫ్లేవర్ కలిపిన టీ పొట్లం మీద ఆ సంగతి, ఏ ఫ్లేవరో, ఎంత శాతమో రాయాలని నిబంధన. తయారీదారు టీ బోర్డులో నమోదు కావాలి కూడా. ఆ వివరాలు కనబడని పొట్లాన్ని అక్కడే వదిలేయడం మంచిది.

అడుగున ఉన్న ఆకు ఎలాంటిదన్నది మరో ప్రశ్న. 1837లోనే ఇంగ్లండ్‌లో నాసిరకం టీకి బర్గమాట్ వాసన పట్టించి ఖరీదైన టీగా అమ్మారని ఒక వ్యాపారి మీద కేసు నడిచింది. వాసన వెనక నాసి ఆకును దాచే అలవాటు అంత పాతది. భారత్‌లో 2023లో దాదాపు 139 కోట్ల కిలోల టీ పండింది. అందులో పదింట తొమ్మిది వంతుల దాకా సీటీసీ, అంటే 1930ల మొదట్లో అస్సాంలో విలియం మెకర్చర్ తెచ్చిన యంత్రం నలిపి గుండ్రటి పలుకులుగా మార్చే రకం. పాలకు, ఇరానీ చాయ్‌కి అది తిరుగులేనిది. డెజర్ట్ టీకి మాత్రం చుట్టిన పెద్ద ఆకు, ఆర్థడాక్స్ రకం కావాలి. నిదానంగా దిగుతుంది, వగరు తక్కువ, పైవాసనకు చోటు ఇస్తుంది. క్యారమెల్, చాక్లెట్‌లకు అస్సాం ఆకు. నిమ్మ, నారింజ లాంటి వాటికి నీలగిరి, శ్రీలంక ఆకులు. చైనా కీమున్ ఆకులో సహజంగానే కోకో ఛాయ ఉంటుంది, దాని మీద వెనీలా పడితే అందం.

ఎలా కాచాలి

మన చేతికి అలవాటైన పద్ధతి, అంటే ఆకును పాలలో వేసి పొంగులు వచ్చేదాకా మరిగించడం, వీటికి పనికిరాదు. వెన్న వాసన ఇచ్చే డైఅసిటైల్ మరిగే బిందువు 88 డిగ్రీలు. పళ్ళ వాసన ఇచ్చే ఇథైల్ బ్యుటిరేట్‌ది 121. దాల్చిన వాసన సిన్నమాల్డిహైడ్‌ది 248, వెనీలిన్‌ది 285. నీళ్ళలో కలిసినప్పుడు ఆవిరయ్యే తీరు ఈ ఒక్క అంకె మీదే ఆధారపడదు గానీ ఏది ముందు పారిపోతుందో అంచనాకు ఇవి చాలు. ఐదు నిమిషాలు మరిగిస్తే వెన్న, పళ్ళ వాసనలు వంటిల్లంతా నిండుతాయి, కప్పులోకి మిగలవు. వెనీలా, దాల్చిన మాత్రం చాలావరకు నిలబడతాయి. పాలు పోసుకోక తప్పదనుకునేవాళ్ళు ఆ రెండు రకాలే ఎంచుకోవడం మేలు.

నీళ్ళు బాగా మరిగాక దించి, కప్పుకు 2 గ్రాముల చొప్పున ఆకు వేసి, మూత పెట్టి 3 నిమిషాలు. మూత తప్పనిసరి, డబ్బులు పెట్టి కొన్న వాసన పోయేది ఆ దారినే. 5 నిమిషాలు దాటితే వగరు పైకి వచ్చి తీపి భ్రమ చెదిరిపోతుంది. పాలు కావాలంటే చివర్లో 20, 30 మిల్లీలీటర్లు చాలు. పాలలోని కేసిన్ టానిన్లను పట్టుకుని వగరు తగ్గిస్తుంది. కానీ గోంగూర జాతికే చెందిన హైబిస్కస్ పూరేకులు గానీ, నిమ్మ ముక్కలు గానీ ఉన్న రకాల్లో పాలు పోస్తే విరిగిపోతాయి, పీహెచ్ 4.6 దగ్గరికి దిగగానే కేసిన్ గడ్డకడుతుంది. పొయ్యి మీంచి దించినది దించినట్టే తాగవద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు గొంతు గొట్టానికి బహుశా క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో హెచ్చరించింది. నాలుక చురుక్కుమనని వేడికి దిగాకే డెజర్ట్ టీ వాసనలు విడివిడిగా తెలుస్తాయి కూడా.

తాగే వేళ

భోజనం అయ్యాక నోరు తీపి కోరడం మనకు తరాల అలవాటు. డెజర్ట్ టీలు అమ్మేవాళ్ళూ రాత్రి భోజనం తరవాత తాగండనే చెబుతారు. ఆ సలహాతో నాకు రెండు పేచీలున్నాయి.

మొదటిది కెఫీన్. 240 మిల్లీలీటర్ల బ్లాక్ టీలో సుమారు 47 మిల్లీగ్రాములు ఉంటుంది, అంతే కాఫీలో 95. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా ఫరవాలేదని అమెరికా ఎఫ్‌డీఏ అంటుంది. గర్భిణులు 200 లోపు ఉండాలని అక్కడి ప్రసూతి వైద్యుల కళాశాల చెబుతుంది. మూడు కప్పులు ఈ హద్దుల్లోనే ఉంటాయి. అయితే ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు తాగిన 47 మిల్లీగ్రాముల్లో 23 తెల్లవారుజామున 2 గంటలకూ రక్తంలో తిరుగుతుంటాయి. నిద్ర పలచగా పట్టేవాళ్ళు సాయంత్రం 5 లోపే తాగడం మంచిది. రాత్రికే కావాలంటే కెఫీన్ తీసిన ఆకుతో చేసినవి, లేదా దక్షిణాఫ్రికా రూయిబోస్‌తో చేసినవి చూసుకోవాలి.

రెండోది ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ భారతీయ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రెండు రాష్ట్రాలూ ఈ సగటు చుట్టుపక్కలే ఉన్నాయి. టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. 2017లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో భోజనంతో పాటే టీ తాగితే ఇనుము గ్రహింపు 37 శాతం పడిపోయింది. గంట ఆగి తాగితే ఆ నష్టం సగానికి తగ్గింది. పొద్దున్నుంచీ అందరికీ వడ్డించి, చివర్లో తాను తిని, గిన్నెలు తోమకముందే కాస్త టీ తాగి కూర్చునే ఇల్లాలికే ఈ అంకె ఎక్కువగా వర్తిస్తుంది. ఇంట్లో మిగతావాళ్ళు ఆ గంట విరామం ఆమెకు దొరికేలా చూడాలి.

మూడో జాగ్రత్త కొన్ని రకాలకే. టీ నిజంగానే తియ్యగా ఉండాలని కొందరు తయారీదారులు అతిమధురం వేరు కలుపుతారు. అందులోని గ్లైసిరైజిన్ పంచదారకన్నా 30 నుంచి 50 రెట్లు తీపి. ఐరోపా శాస్త్రీయ సంఘం 2003లో దీనికి రోజుకు 100 మిల్లీగ్రాముల హద్దు చెప్పింది. కప్పులో అర గ్రాము వేరు పడి, దానిలో గ్లైసిరైజిన్ 5 శాతం అనుకుంటే 25 మిల్లీగ్రాములు. రోజుకు ఒకటి రెండు కప్పులతో ఆరోగ్యవంతులకు ముప్పు లేదు. బీపీ ఉన్నవాళ్ళ సంగతి వేరు, ఇది రక్తపోటును పెంచి పొటాషియాన్ని దించుతుంది. ఇంట్లో చేసిన అతిమధురం కషాయాన్ని రోజుకు ఒకటి రెండు గ్లాసుల చొప్పున రెండు వారాలు తాగిన 84 ఏళ్ళ పెద్దాయన ప్రమాదకరమైన రక్తపోటుతో ఆసుపత్రిలో చేరిన సంగతి 2019లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు పదార్థాల జాబితాలో అతిమధురం కనబడితే ఆ పొట్లం కొనకపోవడమే మంచిది. స్టీవియా ఆకు కలిపినవీ ఉన్నాయి. బరువు తగ్గడానికి ఇలాంటి ప్రత్యామ్నాయ తీపిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. కాబట్టి పదార్థాల జాబితా పొట్టిగా ఉన్న టీయే నాకు నచ్చుతుంది: ఆకు, ఫ్లేవర్, మహా అయితే ఒక మసాలా.

ఎవరికి నప్పుతుంది

కాఫీ షాపుల్లో క్యారమెల్, హేజల్‌నట్ రుచులకు అలవాటుపడిన పాతికేళ్ళ లోపు వాళ్ళకు ఇవి వెంటనే నచ్చుతాయి. వాళ్ళ ముక్కుకు ఆ పాఠం ఇప్పటికే వచ్చు. ఆఫీసులో నాలుగింటికి బిస్కెట్ పొట్లం మీదకు చెయ్యి పోయేవాళ్ళకు కూడా నప్పుతుంది, ఎందుకంటే వాళ్ళకు ఆ పూట కావలసింది చాలాసార్లు ఆకలి తీరడం కాదు, నోటికి ఒక మార్పు. బ్లాక్ టీ మొదలుపెట్టాలని ఉండి వగరుకు భయపడేవాళ్ళకు ఇది మంచి మెట్టు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు అక్టోబరు రాగానే కనిపించే పంప్‌కిన్ స్పైస్ రకాలు పరాయివిగా తోచవు, అందులో ఉండేవి దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం.

షుగర్ ఉన్నవాళ్ళకు ఇది మందు కాదు. అయినా రోజుకు 24 గ్రాములు తగ్గించుకునే దారిలో తోడు వస్తుంది. ఒక్కసారిగా మానేయకుండా వారానికి అర చెంచా, అంటే 2 గ్రాముల చొప్పున తగ్గిస్తే రెండు చెంచాలు నాలుగు వారాల్లో సున్నాకు వస్తాయి. ఆ నెలా వాసనలోని తీపి నాలుకకు సాయం చేస్తుంది.

నప్పనివాళ్ళూ ఉన్నారు. జలుబు వల్లో, కోవిడ్ తరవాతో వాసన పోయినవాళ్ళకు ఇది చేదు నీళ్ళే. టీలో గట్టి పాలు, నురగ, గొంతులో దిగే బరువు కోరుకునేవాళ్ళకు డెజర్ట్ టీ పలచగా తోస్తుంది. పాతబస్తీలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ సుఖం తెలిసినవాళ్ళను దీనికి మారమనడం అన్యాయం. పొద్దున్నుంచి ఇటుకలు మోసిన మనిషికి నాలుగింటి టీ సగం భోజనం. ఆ 90 కేలరీలు అతనికి అవసరం. రెండు కేలరీల టీ గొప్పదని అతనికి చెప్పడానికి మనకు హక్కు లేదు. పిల్లలకు కూడా వద్దు. బర్త్‌డే కేక్ అని పేరున్నా అది కెఫీన్ ఉన్న టీయే.

ఖర్చు, వ్యాపారం

మిఠాయి మసాలాల టీ అమెరికాకు కొత్త కాదు. 1945లోనే న్యూయార్క్‌లో రూత్ బిగెలో నారింజ తొక్క, మసాలాలు కలిపిన బ్లాక్ టీని 'కాన్‌స్టంట్ కామెంట్' పేరుతో ఇంట్లో తయారుచేసి అమ్మారు. ఇప్పటికీ అది బజార్లో ఉంది. వాసన టీలతో మాల్స్‌లో పెరిగిన టీవానా కథ వేరు. 1997లో అట్లాంటాలో మొదలైన ఆ సంస్థను స్టార్‌బక్స్ 2012లో 62 కోట్ల డాలర్లకు కొంది. 2017లో 379 దుకాణాలనూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. మాల్స్‌కు జనం తగ్గడం అప్పుడు చెప్పిన కారణం. వీటిని రోజూ తాగేవాళ్ళు తక్కువ, అప్పుడప్పుడూ తాగేవాళ్ళే ఎక్కువ అన్నది నా అంచనా. ఇంటి అలమరలో సగం నిండిన డబ్బాలు ఆ మాటే చెబుతాయి.

ధర చూసి బెదరక్కర్లేదు. 100 గ్రాములు 500 రూపాయలనుకుంటే కప్పుకు 2 గ్రాముల చొప్పున 50 కప్పులు, కప్పు 10 రూపాయలు. ఆర్థడాక్స్ ఆకునే మరోసారి కాచినా రంగు వస్తుంది గానీ చల్లిన వాసన మొదటి కప్పుతోనే చాలావరకు పోతుంది, కాబట్టి రెండో కప్పును లెక్కలో వేసుకోవద్దు. వాసన ఎగిరిపోయే సరుకు గనక మొదటిసారి 50 గ్రాములకు మించి కొనకండి. గాలి, వెలుతురు తగలని డబ్బాలో పోసి, పోపులపెట్టెకు దూరంగా పెట్టి, ఆరు నెలల్లో పూర్తిచేయాలి. టీ ఆకు ఇంగువ వాసనను కూడా వెనీలాను పీల్చుకున్నంత శ్రద్ధగా పీల్చుకుంటుంది.

బజారు డబ్బా మీద నమ్మకం లేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫ్లేవర్ లేని నీలగిరి ఆర్థడాక్స్ ఆకు 100 గ్రాములు, నిలువునా చీల్చి ముక్కలు చేసిన వెనీలా కాయ ఒకటి, గాజు సీసాలో వేసి మూత బిగించి రెండు వారాలు. బయటి టీ అంత గుప్పున కొట్టదు, వాసన మెల్లగా తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకైతే వెనీలా బదులు కప్పుకు రెండు యాలకులు అప్పటికప్పుడు దంచి, తొక్కతో సహా ఆకుతో పాటే వేసి మూత పెట్టాలి, నాలుగు కుంకుమపువ్వు రేకలు ఉంటే అవీ వేయాలి. యాలకుల వాసన దంచిన గంటలోనే తగ్గడం మొదలవుతుంది కాబట్టి ముందే పొడి చేసి పెట్టుకోవద్దు.